చంచల బాలునకు మందు ఈయవచ్చునా?

పాఠము జరుగుచుండగా కుదురుగా కూర్చుండలేక, చెప్పిన పని సగములో విడిచి, కలమో పుస్తకమో ప్రతిదినము పోగొట్టుకొను పిల్లలను మనము సోమరులని నిందింతుము. వారిలో కొందరికి ఏ.డి.హెచ్.డి. యను స్థితి కలదు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది. పెంపకపు దోషము కాదు. దీనికి వైద్యులు వ్రాయు ఉత్తేజకపు మందు పేరు వినగానే కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. మరికొందరు దానిని మార్కులు తెచ్చు మాత్రగా భావింతురు. ఈ రెండును తొందరపాటులే యని మా అభిప్రాయము.

ఉత్తేజపరచు మందు చంచలుని నెమ్మదింపజేయుట వింతగా తోచును. కాని మిథైల్ ఫెనిడేట్ అను మందు మెదడులో డోపమిన్ మొదలగు రసాయనముల పనిని హెచ్చించి, మనస్సు ఒక పనిపై నిలుచుటకు తోడ్పడును. అమెరికాలో 579 మంది పిల్లలను 14 నెలలు పరిశీలించి 1999లో ప్రకటించిన పరిశోధనలో, మోతాదు జాగ్రత్తగా సరిచూచి మందిచ్చిన వారికి, ప్రవర్తన శిక్షణ మాత్రమే పొందిన వారికంటె లక్షణములు ఎక్కువగా తగ్గినవి. అయితే మూడవ యేటికి ఆ భేదము కానరాలేదు. కావున మేలు నిజమే. అది శాశ్వతమని నమ్మరాదు.

కీడును చెప్పవలయును. ఆకలి మందగించును, నిద్ర చెడును, నాడివేగమును రక్తపుపోటును కొంత పెరుగును, ఎత్తు పెరుగుట కొంత తగ్గవచ్చును. కుటుంబమున గుండెజబ్బు ఉన్నచో వైద్యునకు ముందే తెలుపవలయును. మందు వాడునంతకాలము బరువు, ఎత్తు, నాడి పరీక్షింపించుచుండవలయును.

ఇంట తెలుగు, వీధిలో వేరొక భాష గల మన పిల్లల విషయమున ఇంకొక జాగ్రత్త అవసరము. రాష్ట్రభాషలో చెప్పు పాఠము అర్థముకాక కిటికీవైపు చూచు బాలునకు కావలసినది భాష నేర్పు గురువు, మాత్ర కాదు. ఏ.డి.హెచ్.డి. యని నిర్ణయించుటకు లక్షణములు 12 ఏండ్లలోపు మొదలై, కనీసము ఆరు నెలలు నిలిచి, ఇంటను బడిలోను కూడ కనబడవలయును. ఒక్క భాషా తరగతిలోనే పరధ్యానముగా నున్నచో ముందుగా భాషను, చెవిని, కంటిని పరీక్షింపవలయును. వైద్యునకు తెలుగు రానిచో రెండు భాషలెరిగిన వారిని వెంట గొనిపోయి, ఇంటి సంగతులను దాచక చెప్పవలయును. ఉపాధ్యాయుడు తాను చూచినది వ్రాసి యిచ్చిన మరింత మేలు.

విద్యార్థులకు ఒక మాట. స్నేహితునకు వ్రాసిన మాత్రను పరీక్షల రాత్రి మ్రింగుట అపాయము. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఈ మందును కట్టడి చేసినది. అట్లని, వైద్యుని సలహాపై దానిని వాడు సహపాఠిని వెక్కిరింపరాదు. కంటికి అద్దములు పెట్టుకొన్న వానిని మనము వెక్కిరింపము గదా!

సరియైన నిర్ణయము జరిగిన పిమ్మట, అవసరమైన బిడ్డకు సిగ్గుచేతనో భయముచేతనో మందు మాన్పించుటయు అన్యాయమే. మందుతోపాటు ఇంటిలో క్రమము, గురువు ఓర్పు, తగినంత నిద్ర, ఆటలు ఉండవలయును. వాటి స్థానమును ఏ మాత్రయు తీసికొనజాలదు.