ఆడనివ్వకుండా ఆట నేర్పగలమా?

పిల్లలు స్క్రీన్ ముందు కూర్చుంటే చాలు, ఏం ఆడుతున్నారో చూడకుండానే "ఎప్పుడు చూసినా ఆ గేములే" అని కసురుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. నా మటుకు నాకు గేములన్నీ ఒకటి కావు. కొన్నిటిని గుమ్మం దాటి లోపలికి రానివ్వకూడదు. కొన్నిటిని మాత్రం మనమే పక్కన కూర్చుని ఓ గంట చూడాలి. ఎందుకంటే వాటిల్లో పిల్లలు చేసే పని, మనం రోజూ వాళ్ళ మీద చేసే పనే.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడు ఆడేది ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్ అనే కంప్యూటర్ గేము. హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ హాకీ అనుకునేరు, ఇది ఐసు మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. ఫిన్లాండుకి చెందిన రిస్టో రెమెస్ మొదట సరదాగా తయారుచేసి ఉచితంగా ఇచ్చాడట. తర్వాత 2004లో ఫుట్‌బాల్ మేనేజర్ గేము చేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ కంపెనీయే దీన్నీ అమ్మకానికి పెట్టింది. 2015లో మళ్ళీ కొత్తగా వచ్చింది. మా అత్తగారు ఒకరోజు వెనకాల నిలబడి చూసి, "ఆడేవాళ్ళేరిరా ఇందులో? అన్నీ అంకెలే. బ్యాంకు పాసుబుక్కులా ఉంది" అన్నారు. ఆవిడ అన్నది నిజం. ఇందులో బటన్ నొక్కితే గోల్ పడదు. మనం ఆటగాడిమి కాదు, జట్టుని నడిపే మనిషిమి.

ప్రతి ఆటగాడికీ ఓ పట్టీ ఉంటుంది. పాసింగు ఎంత, కర్ర మీద పట్టు ఎంత, వేగం ఎంత, ఓపిక ఎంత, ధైర్యం ఎంత, పదిమందితో కలిసి ఆడే గుణం ఎంత అని 1 నుంచి 20 దాకా మార్కులు. ఎవరికి దేనిలో శిక్షణ ఇవ్వాలి, ఎవరిని మ్యాచ్‌లో దించాలి, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి, ఉన్న డబ్బులో అందరి జీతాలూ ఎలా సర్దాలి, ఇదీ పని. నాకైతే చూడగానే నవ్వొచ్చింది. ఇది అచ్చం గృహిణి ఉద్యోగమే కదండీ! గోల్ కొట్టేది మనం కాదు, కానీ గోల్ పడకపోతే మాట పడేది మాత్రం మనమే.

ఆ శిక్షణ సంగతి నాలుగైదు ఆదివారాలు పక్కన కూర్చుని చూశాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఈ మేనేజర్ గేములు పిల్లల పెంపకం గురించి మూడు సంగతులు సరిగ్గా చెప్తాయి, ఒకటి తప్పు చెప్తాయి. మనం ఆ మూడూ వదిలేసి, తప్పుగా చెప్పినదాన్నే పట్టుకున్నాం.

మొదటిది, సమయం కొద్దిగానే ఉంటుందన్న సంగతి. స్వీడన్‌లో 1997లో మొదలైన హాట్రిక్ అనే గేము ఉంది. అది ఫుట్‌బాల్ జట్టు నడిపేది, ఇప్పటికీ ఆడుతున్నారు. అందులో నియమం ఏంటంటే, జట్టుకి వారానికి ప్రధానంగా ఒక్క నైపుణ్యంలోనే శిక్షణ. ఈ వారం గోల్‌కీపింగు అనుకుంటే పాసింగు లేనట్టే. చిన్న వయసు వాడు త్వరగా నేర్చుకుంటాడు, పై మెట్టుకి వెళ్ళేకొద్దీ ఒక్కో మెట్టుకి ఎక్కువ వారాలు పడుతుంది. వారానికొకటి మార్చుకుంటూ పోతే ఎవరికీ ఏదీ సరిగ్గా రాదు. అందుకే కాస్త తెలిసినవాళ్ళు ఒకటి ఎంచుకుని నెలల తరబడి దాని మీదే ఉంటారు.

ఇక మన సంగతి చూడండి. మా అడిక్‌మెట్‌లో సాయంత్రం అయిదింటికి బయట నిలబడితే పిల్లల బ్యాగులు చూసి చెప్పొచ్చు, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో. ఒకరు అబాకస్, ఒకరు కీబోర్డు, ఒకరు కరాటే, హిందీ పరీక్షలకి ఒకరు, విద్యానగర్ వైపు లెక్కల ట్యూషనుకి మరొకరు. చాలాసార్లు ఆ అందరూ ఒక్క పిల్లాడే, వారంలో రోజుకొక వేషం. "అన్నిట్లో కాస్త కాస్త తెలిస్తే మంచిదే కదా వదినా" అంటుంది మా పక్కింటావిడ. మంచిదే. కానీ వదిలెయ్యడం కూడా నేర్పాలి. మన హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ చిన్నప్పుడు ఏళ్ళ తరబడి భరతనాట్యం నేర్చుకుంది. నాట్యమా క్రికెట్టా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు క్రికెట్ పట్టుకుంది. 1999లో, 16 ఏళ్ళ వయసులో, ఐర్లండ్ మీద ఆడిన మొదటి వన్డేలోనే సెంచరీ కొట్టింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఉంటే ఆ వయసుకి ఆ స్థాయి వచ్చేదా?

రెండోది నాకు బాగా నచ్చిన నియమం. హాట్రిక్‌లో శిక్షణ ఏదైనా సరే, ఆ వారం మ్యాచ్‌లో దానికి తగిన చోట ఆడిన వాళ్ళకే దాని ఫలం పూర్తిగా అందుతుంది. మైదానంలోకి దిగని గోల్‌కీపరుకి గోల్‌కీపింగు పెరగదు. బయట కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు.

దీన్ని మన ఇంటికి అన్వయించి చూడండి. పదంకెల సంఖ్యల్ని మనసులోనే కూడేసే పిల్లాడికి వంద రూపాయలిచ్చి కూరగాయలకి పంపితే చిల్లర సరిచూసుకోవడం రాదు. ఎందుకంటే ఎప్పుడూ పంపలేదు. ఇంగ్లీషులో వ్యాసం రాసే పిల్లకి బ్యాంకులో ఫారం నింపడం రాదు. ఎందుకంటే నాన్న నింపేస్తాడు. ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి ఇది మరీ ఎక్కువ. స్కూల్లో ఖోఖో బాగా ఆడే పిల్లని కాస్త ఎదగగానే గ్రౌండు మాన్పించేస్తాం. ఒంటరిగా బస్సెక్కనివ్వం, డబ్బు చేతికివ్వం, "పెళ్ళయ్యాక అన్నీ అవే వస్తాయిలే" అంటాం. బెంచీ మీద పదేళ్ళు కూర్చోబెట్టి, ఒకేసారి ఫైనల్లో దింపుతాం. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి భారత హాకీ జట్టు గోల్‌కీపరు అయిన రజని ఎటిమరపు పేరు మా అమ్మాయికి చెప్పినప్పుడు అది అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్ళింట్లో గ్రౌండుకి పంపించారా అమ్మా?" అని. దానికి పదకొండేళ్ళు. ఆ వయసుకే ఏ ప్రశ్న ముందు అడగాలో తెలిసిపోయింది చూశారా!

మూడోది విశ్రాంతి. ఈ గేముల్లో శిక్షణ బరువు పెంచుకుంటూ పోతే ఆటగాడు అలిసిపోతాడు, దెబ్బలు తగులుతాయి, నెల రోజులు మంచం పడతాడు. మా వాడు మొదట్లో అందరికీ అన్నీ గట్టిగా పెట్టేసి, సీజన్ సగంలో జట్టు సగం ఖాళీ చేసుకున్నాడు. ఆ తర్వాత బుద్ధొచ్చి తగ్గించాడు. గేములో అయితే తగ్గించడానికి ఒక బటన్ చాలు. మన దగ్గర పదో తరగతి పిల్లలు చీకటితో లేచి, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి, అన్నం ముందు కునికిపాట్లు పడుతుంటే, "ఈ రెండేళ్ళు కష్టపడితే జీవితాంతం సుఖపడొచ్చు" అంటాం. పదో తరగతిలో రెండేళ్ళు, ఇంటర్లో రెండేళ్ళు, ఆ తర్వాత మరో రెండేళ్ళు. ఆ రెండేళ్ళు ఎప్పటికీ అయిపోవు.

ఇప్పుడు తప్పు చెప్పేదాని సంగతి. ఈస్ట్‌సైడ్‌లో గానీ ఫుట్‌బాల్ మేనేజర్‌లో గానీ ప్రతి ఆటగాడి వెనకాల ఒక అంకె దాగి ఉంటుంది. వీడు జీవితంలో ఎంత ఎత్తుకి పోగలడు అన్నది 1 నుంచి 200 లోపు ముందే రాసి పెట్టేస్తారు. ఎంత శిక్షణ ఇచ్చినా ఆ గీత దాటడు. ఆడేవాళ్ళకి ఆ అంకె కనపడదు, స్కౌట్లు వచ్చి తమ అంచనా చెప్తారు.

మొన్న వేసవిలో, ఇక్కడికి దగ్గర్లోనే ఒక కోచింగ్ సెంటరు వాళ్ళు ఐఐటీ ఫౌండేషనుకని గంటన్నర పరీక్ష పెట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టారు. మా వాడిని మూడో బ్యాచిలో వేశారు. అక్కడున్నాయన వాడి ముందే, "ఈ బాబు కెపాసిటీకి ఇది కరెక్టు బ్యాచి మేడమ్" అన్నాడు. ఇంటికొచ్చాక మా వాడు ఏడవలేదు, అలగలేదు. మామూలుగా అన్నం కలుపుకుంటూ, "నా పొటెన్షియల్ అంతేనేమో అమ్మా" అన్నాడు.

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్లాడు తన వెనకాల ఎక్కడో ఒక అంకె రాసి ఉందని, దాన్ని ఎవరో గంటన్నరలో చదివేశారని నమ్మేశాడు.

ఆ రాత్రి వాడి భాషలోనే మాట్లాడదామని అడిగాను, "మీ ఐస్ హాకీలో స్కౌట్ల అంచనా ఎప్పుడూ తప్పలేదారా?" అని. వాడే చెప్పాడు. పావెల్ దాత్సూక్ అని రష్యా ఆటగాడు. 1998లో అమెరికా లీగు జట్లు కుర్రాళ్ళని ఎంచుకుంటుంటే ఇతని పేరు 171వది. అంటే అంతకు ముందు 170 మందిని తీసుకున్నారు. ఆ తర్వాత రెండుసార్లు స్టాన్లీ కప్పు గెలిచిన జట్లలో ఉన్నాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. అతని జట్టులోనే హెన్రిక్ జెట్టర్‌బర్గ్ అని స్వీడన్ ఆటగాడు, 1999లో 210వ వాడు. "మరి ఆ 170 మందిని ముందు ఎంచుకున్న స్కౌట్లు చదువు రానివాళ్ళా?" అన్నాను. "లేదు, వాళ్ళ పనే అది" అన్నాడు. "జీవితమంతా అదే పని చేసేవాళ్ళకే అంత తేడా వస్తే, గంటన్నర పరీక్షకి ఎంత విలువివ్వాలో నువ్వే చెప్పు" అన్నాను. ఏం చెప్పలేదు గానీ మళ్ళీ పెరుగు వేయించుకున్నాడు.

కంప్యూటరుకి లెక్క నడవాలంటే ఏదో ఒక అంకె కావాలి, అందుకే పెట్టారు. మన పిల్లలకి అలాంటి అంకె ఎవరూ రాయలేదు. రాసినా చదవగలిగే మనిషి లేడు. అయినా ర్యాంకు, సెక్షను, బ్యాచి అంటూ మనం ఆ ఒక్కదాన్నే గేము దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. ఒక్కదాని మీద నిలవడం, ఆడనివ్వడం, విశ్రాంతినివ్వడం మాత్రం గేములోనే వదిలేశాం.

మా వారిది వేరే మాట. "నీ కబుర్లు బాగానే ఉన్నాయి, బయట పోటీ ఎలా ఉందో తెలుసా?" అంటారు. ఆయన భయం ఉత్తదని నేననను. పెళ్ళికి ముందు ఆయన అశోక్ నగర్‌లో గది తీసుకుని నాలుగేళ్ళు గ్రూప్స్‌కి చదివారు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే వెళ్ళి చోటు పట్టుకున్న రోజులు, టీ బన్నుతో గడిపిన రాత్రులు ఇప్పటికీ చెప్తారు. ఉద్యోగం కొన్ని మార్కుల తేడాలో పోయింది. ఆ కొన్ని మార్కులూ కొడుక్కి తగ్గకూడదని ఆయన తాపత్రయం. నేను అడిగింది ఒక్కటే. "ఆ మార్కులు తగ్గినంత మాత్రాన మీ సత్తా అంతేనని మిమ్మల్ని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా?" ఆయన టీవీ రిమోట్ తీసుకున్నారు. మా ఇంట్లో దాని అర్థం, ఆలోచిస్తున్నారని.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఫౌండేషన్ కోర్సు ఇప్పుడు వద్దు. లెక్కలకి మాత్రం ట్యూషను ఉంటుంది. కీబోర్డు క్లాసు, మరో క్లాసు మానేశాడు. గేము ఆదివారం రెండు గంటలు, హాల్లో అందరి ముందు. అంతకు మించితే ఇదీ మిగతా వ్యసనాల్లాంటిదే, అందులో మా వారితో నాకు పేచీ లేదు. రోజూ సాయంత్రం ఒక గంట నిజంగా చెమట పట్టే ఆట ఆడాలి, అమ్మాయి కూడా. అర్ధసంవత్సర పరీక్షల దాకా ఇలా చూసి, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందామన్నారు. మార్కులు పెరుగుతాయా అంటే చెప్పలేను. తగ్గితే ఇంట్లో మళ్ళీ యుద్ధమే, ఆ మాట ముందే తెలుసు నాకు.

మా వాడికి రష్యా, స్వీడన్ ఆటగాళ్ళ పేర్లు వచ్చు గానీ, 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకి ఆడిన మన సికింద్రాబాద్ ముఖేష్ కుమార్ పేరు తెలీదు. అది నేను చెప్పాను. గేము నుంచి నేను నేర్చుకున్నప్పుడు, నా దగ్గర్నుంచి వాడూ ఒకటి నేర్చుకోవాలి కదా.

మీ ఇంట్లో కూడా ఒకసారి పిల్లల వారం మొత్తాన్ని కాగితం మీద రాసి చూడండి. ఎన్ని నేర్పిస్తున్నాం, వాటిల్లో ఎన్నిటిని వాళ్ళ చేత నిజంగా చేయిస్తున్నాం, ఖాళీగా ఎన్ని గంటలున్నాయి? ఆ మూడూ రాశాక ఏదో ఒకటి కొట్టెయ్యబుద్ధవుతుంది. కొట్టెయ్యండి, కానీ ఖాళీ గంటల్ని మాత్రం కొట్టెయ్యకండి.