పిల్లలెప్పుడు? ఆ లెక్క ఇంట్లోనే తేలేది కాదు

ముప్పై ఏళ్లు 'ఇద్దరు చాలు' అన్న ప్రభుత్వాలే ఇప్పుడు ఇంకొకరిని కనమంటున్నాయి. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వోద్యోగినుల ప్రసూతి సెలవుకు ఉన్న ఇద్దరు పిల్లల పరిమితీ పోయింది. పంచాయతీ పోటీదారుల విషయంలో తెలంగాణ మంత్రివర్గం కూడా 2025లో అదే దారి పట్టింది. ఈ చర్చంతా ఎందరిని కనాలన్న దాని చుట్టూనే తిరుగుతోంది. నగరాల్లో దంపతులు తల పట్టుకుంటున్నది మాత్రం ఎప్పుడు కనాలన్న దగ్గర. 32కి పెళ్లి, 36కి తొలి కాన్పు అయిన ఇంట్లో మూడో బిడ్డ ముచ్చట ఎక్కడిది? రెండో బిడ్డకే వ్యవధి చాలడం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుడుతున్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరక్కుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఆడపిల్లలు చదువుల్లో పడి పెళ్లిళ్లు వాయిదా వేయబట్టే ఇలా అయిందనేవారు అదే సర్వేలో ఇంకో పేజీ తిప్పి చూడాలి. 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15-49 ఏళ్ల వివాహితల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు ఆంధ్రలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం. త్వరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెనకే ఆపరేషన్. తెలుగునాట జననాల రేటు ప్రధానంగా పడిపోయింది ఈ దారిలోనే.

దానికి తోడు గర్భసంచి తీయించుకోవడం. అదే కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 విడతలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఊళ్లో అక్క 35 ఏళ్లకే గర్భసంచి తీయించుకుని ఉంటే, హైదరాబాద్‌లో చెల్లెలు అదే వయసులో తొలి కాన్పు కోసం హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకుంటోంది. ఒకే కుటుంబంలో రెండు కాలాలు నడుస్తున్నాయి. ఆలస్యంగా తల్లిదండ్రులవుతున్నవారు ఇప్పటికి మైనారిటీయే. అయినా చదువుకున్న ఇళ్లలో ఆ సంఖ్య పెరుగుతోంది. ఊళ్లో తొందరకు కారణాలున్నట్టే ఈ జాప్యానికీ ఇంటి బయట కారణాలున్నాయి.

వాయిదా వేయిస్తున్నదెవరు?

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో కోచింగ్ గదుల మధ్య పదేళ్లుగా మకాం ఉన్నవారిని అడిగితే మొదటి కారణం తెలుస్తుంది. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి రాతపరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. తుది ఫలితాలు 2025 సెప్టెంబరులో వెలువడ్డాయి. 27 ఏళ్ల వయసులో దరఖాస్తు పెట్టిన అమ్మాయి, జాబితాలో తన పేరుందో లేదో తెలిసేసరికి ముప్పైకి చేరువైంది. 'ఉద్యోగం వచ్చాక సంబంధాలు చూద్దాం' అన్న ఇంట్లో ఆ మూడేళ్లూ పెళ్లి ఆగింది, ఆ తర్వాతిదీ ఆగింది. దీన్ని ఆ అమ్మాయి తీసుకున్న నిర్ణయం అనగలమా?

ప్రైవేటు కొలువులో చిక్కు మరో తీరు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ సెలవును మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలకు పెంచింది. 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. ఉద్దేశం మంచిదే. కానీ ఈఎస్ఐ పరిధిలో లేనివారి విషయంలో ఆ ఆరు నెలల జీతభారం మొత్తం యజమాని నెత్తినే పెట్టింది. దాంతో కొత్తగా పెళ్లయిన అభ్యర్థినిని ఇంటర్వ్యూలో చూసే చూపు మారింది. ఆ చూపు తెలిసిన అమ్మాయి ఒక ప్రమోషన్ దాటాక చూద్దామనుకుంటుంది. ఈలోగా ఫ్లాటు కొంటారు, ఇద్దరి జీతాల మీద లెక్కగట్టిన ఈఎంఐ మొదలవుతుంది. ఒక జీతం ఆగితే కిస్తీ ఆగే పరిస్థితిలో ఎవరైనా వాయిదాకే మొగ్గుతారు. తండ్రి విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల సెలవుంది; ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఇచ్చింది ఏమీ లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు వీసా మరో గడియారం. హెచ్-1బీ మీద ఉండి గ్రీన్ కార్డు వరుసలో ఏళ్లకేళ్లు నిలబడిన జంట ఇల్లు కొనాలన్నా, బిడ్డను కనాలన్నా ఆ వరుస వైపే చూస్తుంది. తాత్కాలిక వీసాదారులకు పుట్టిన పిల్లలకు పౌరసత్వం దక్కదంటూ 2025 జనవరి 20న ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు కోర్టుల్లో చిక్కుకున్నా, ఆ భయం మాత్రం ఇళ్లలో దిగబడింది.

ఒంటి లెక్క

ఉద్యోగానికి గడువు పొడిగించినట్టు అండాశయానికి పొడిగించలేం. ఆడశిశువు పుట్టేనాటికి అండాలు పది నుంచి ఇరవై లక్షల దాకా ఉంటాయి. రజస్వల అయ్యేసరికి మూడు నాలుగు లక్షలకు, 37 దగ్గర పాతిక వేల స్థాయికి తగ్గుతాయి. భారతీయ స్త్రీలలో ముట్లుడిగే సగటు వయసు 46-47. పాశ్చాత్య దేశాల్లో అది 51 దాకా ఉంది. అక్కడి పుస్తకాల్లో చదివి ఇంకా వ్యవధి ఉందనుకుంటే మనకు లెక్క తప్పుతుంది.

సంఖ్యతో పాటు నాణ్యతా తగ్గుతుంది. డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే ముప్పు 25 ఏళ్ల తల్లికి సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి. 35కి 350లో ఒకటి. 40కి వందలో ఒకటి. గర్భస్రావాలు, బీపీ, గర్భిణుల్లో వచ్చే మధుమేహం, సిజేరియన్ అవసరం కూడా వయసుతోనే పెరుగుతాయి. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. వందలో ఒకటంటే మిగతా 99 మంది తల్లులకు ఆ ఇబ్బంది లేదని అర్థం. 35 అన్నది దాటగానే తలుపు మూసుకునే గడప కాదు. 30ల చివర్లో ఉన్నవారిలో కూడా ఏడాదిలోపే సహజంగా గర్భం దాల్చేవారే ఎక్కువ. అక్కడి నుంచి ఏటికేడు వేగంగా తగ్గుతుందన్నదే గుర్తుంచుకోవాల్సిన విషయం. అందుకే 35 లోపు వారు ఏడాది ప్రయత్నించాక, దాటినవారు ఆరు నెలలకే డాక్టరును కలవాలంటారు.

మగవాడి వయసు సంగతి మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు. తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగినకొద్దీ బిడ్డకు సంక్రమించే కొత్త జన్యు మార్పులు సగటున రెండు చొప్పున పెరుగుతాయని ఐస్‌లాండ్ కుటుంబాలపై 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ముప్పు మొత్తమ్మీద చిన్నదే, కానీ లేదని కాదు. పెళ్లయి ఏడాది తిరక్కుండానే 'ఏమైనా విశేషమా?' అని అడిగేది కోడల్నే. మూడేళ్లయినా విశేషం లేకపోతే ఆసుపత్రికి నడిచేదీ ఆమే. కొన్ని వందల రూపాయల్లో తేలిపోయే వీర్య పరీక్షకు అబ్బాయి ఒప్పుకొనేలోపు అమ్మాయికి స్కానింగులు, ట్యూబుల పరీక్ష, ఒక్కోసారి ల్యాప్రోస్కోపీ కూడా అయిపోతాయి. 34 నుంచి 36 దాకా గడిచిన విలువైన కాలం చాలా ఇళ్లలో ఇలా మొహమాటానికే ఖర్చవుతోంది.

హోర్డింగు చెప్పని అంకెలు

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి హైదరాబాద్ కూకట్‌పల్లి దాకా సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగుల మీద బోసినవ్వుల పాపాయిలే. లోపలికి వెళ్లాక ఉండేది వేరు. పది పన్నెండు రోజుల పాటు పొట్ట మీద ఇంజెక్షన్లు. వాటిని పెరుగు గిన్నె పక్కనే ఫ్రిజ్‌లో దాచుకోవాలి. రెండు రోజులకోసారి పొద్దున్నే స్కానింగ్, తర్వాత ఆఫీసుకు పరుగు. మత్తు ఇచ్చి అండాలు తీస్తారు, ల్యాబులో పిండాలు చేస్తారు, ఒకటో రెండో గర్భసంచిలో పెడతారు. ఆపైన రెండు వారాల నిరీక్షణ, చివరికి గర్భం నిలిచిందో లేదో చెప్పే 'బీటా' రిపోర్టు. ఇదంతా ఒక్క ఐవీఎఫ్ సైకిల్. దానికి లక్షన్నర, రెండు లక్షలు మామూలు మాట. 42 దాటాక సొంత అండంతో ఒక్కో ప్రయత్నంలో బిడ్డ చేతికందే అవకాశం పదింట ఒకటి కూడా ఉండదు. ఈ అంకె హోర్డింగు మీద కనిపించదు.

పెద్ద వయసు తల్లుల వార్తల్లో చాలావాటి వెనుక ఉండేది దాత అండం. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన తూర్పు గోదావరి మహిళ ఒకరు కవల ఆడపిల్లలను కన్నప్పుడు దేశమంతా నోరు తెరిచింది. గర్భసంచికి మందులతో వయసు తగ్గించవచ్చేమో గానీ అండానికి తగ్గించలేరన్న అసలు సంగతి ఆ సందడిలో మరుగున పడింది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ఐవీఎఫ్ వంటి సేవలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల గరిష్ఠ వయసు పెట్టింది. అండదాత 23-35 ఏళ్ల మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. అద్దె గర్భానికి (సరోగసీ) వేరే చట్టం ఉంది; అది రాకముందే పిండాలు భద్రపరచుకున్న దంపతులకు అందులోని వయోపరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో చెప్పింది.

చట్టమున్నా ఆశను సొమ్ము చేసుకునేవారు ఆగలేదు. సరోగసీ పేరిట దంపతుల నుంచి లక్షలు గుంజి, ఎవరో పేదలు కన్న పసికందును చేతిలో పెట్టిన సికింద్రాబాద్ ఉదంతం 2025 జులైలో బయటపడింది. ఆ బిడ్డ తమ బిడ్డ కాదని డీఎన్ఏ పరీక్ష చేయించుకునేదాకా వారికి తెలియదు.

దత్తత తీసుకుందామంటే అక్కడా వయసు అడ్డొస్తుంది. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసు కలిపి 85 దాటకూడదు. నాలుగు ఐవీఎఫ్ సైకిళ్లయ్యాక భార్యకు 42, భర్తకు 44 వచ్చిన జంట మొత్తం 86. ఆ వరుసలోకి ఇక రానివ్వరు.

ఇంట్లో ఎదిగే లెక్క

ఆలస్యంగా తల్లిదండ్రులైతే లాభం లేదనడం తప్పు. చదువు పూర్తయి, చేతిలో నాలుగు రాళ్లుండి, దంపతుల మధ్య చనువు కుదిరాక పుట్టిన బిడ్డకు కాస్త నిలకడైన ఇల్లు దొరుకుతుంది. తన ఉద్యోగం, తన బ్యాంకు ఖాతా ఉన్న తల్లికి ఇంట్లో నోరు పెగులుతుంది. 19 ఏళ్లకు తల్లయిన అమ్మాయికి దక్కనివి ఇవే. వాటిని వదులుకోమని ఎవరూ చెప్పకూడదు.

ఖర్చు మరో చోట పడుతుంది. తెలంగాణలో ప్రభుత్వోద్యోగి 61కి, ఆంధ్రలో 62కి రిటైరవుతారు. 39లో బిడ్డ పుడితే బీటెక్ పట్టా అందేనాటికి తండ్రి పింఛను కాగితాలు సర్దుకుంటుంటాడు. అంతకన్నా ముందే వచ్చే చిక్కు అమ్మమ్మ వయసు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్లి, మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా సాకే ఆచారం 50 ఏళ్ల అమ్మమ్మ రెక్కల మీద నిలిచింది. కూతురు 37కి కంటే ఆ అమ్మమ్మకు 65 దాటి ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, షుగరు, పక్కనే గుండె ఆపరేషనైన తాతయ్య. డాలస్‌లో ఉన్న కూతురి పురిటికి ఆరు నెలల వీసా మీద వెళ్లే తల్లికీ అంతే. చంటిబిడ్డను, ముసలి తల్లిదండ్రులను ఒకే చేత్తో చూసుకోవాల్సిన పరిస్థితి తరచూ కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. ఆమె ఉద్యోగం మానేస్తుంది. ఏ ఉద్యోగం కోసం ఆగారో, అదే చివరికి చేజారుతుంది.

ఏం చేయాలి?

ఇంకొకరిని కనండని వేదికల మీద పిలుపునిస్తే దంపతులు కనరు. కన్నా, ఆ పిలుపు మొదట తాకేది 20 ఏళ్లకే ఇద్దరు పిల్లల తల్లయిన పేద ఇంటి అమ్మాయినే. ప్రభుత్వాలు చేయగలిగినవి వేరే ఉన్నాయి. ఉద్యోగ నోటిఫికేషన్లకు తేదీలు ప్రకటించి వాటికి కట్టుబడి ఉండటం అందులో మొదటిది. అది జనాభా విధానం కాదనిపించినా, వేల ఇళ్లలో పెళ్లి వయసును నిర్ణయిస్తున్నది అదే. ప్రసూతి సెలవు జీతాన్ని యజమాని ఒక్కడి మీద వదిలేయకుండా, ఈఎస్ఐలో ఇప్పటికే జరుగుతున్నట్టు ఉమ్మడి నిధి నుంచి చెల్లించే పద్ధతిని మిగతా ఉద్యోగినులకూ విస్తరించాలి. తండ్రికి సెలవు చట్టంలోకి రావాలి. అప్పుడే పిల్లల భారం ఉన్నది ఆడ అభ్యర్థికే అన్న లెక్క ఇంటర్వ్యూ గదిలో చెల్లదు.

ఆసుపత్రుల వైపు నుంచి కావలసింది పారదర్శకత. బ్రిటన్‌లో హెచ్ఎఫ్ఈఏ అనే నియంత్రణ సంస్థ ఒక్కో కేంద్రం ఫలితాలను జనం ముందు పెడుతుంది. మన కేంద్రాలు కూడా ఎన్ని గర్భాలు నిలిచాయన్నది పక్కనపెట్టి, ఏ వయసువారికి ఎన్ని సైకిళ్లకు ఎందరు బిడ్డలు పుట్టారో గోడ మీద రాయాలి. గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం లాంటివి జిల్లాలకు వస్తే మధ్యతరగతి అప్పులపాలు కావడం తగ్గుతుంది. ఐవీఎఫ్ కన్నా చవకైనది సలహా. అది 40లో కాకుండా 30లోనే, ఆమెతో పాటు అతనికీ అందాలి. మొదటి పరీక్ష అతనికి చేయించాలి.

ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ ఇద్దరిదే. 28లో కనాలనుకున్న జంట 38 దాకా ఆగాల్సి వచ్చిందంటే మాత్రం ఆ పదేళ్లలో కొంత పరీక్షల బోర్డుది, కొంత కంపెనీది, కొంత బ్యాంకుది. వారి వాటా వారు తగ్గించుకున్నాకే ప్రభుత్వానికి మూడో బిడ్డ గురించి మాట్లాడే అర్హత వస్తుంది.