తగ్గిందా, తగ్గించారా?

డ్విండిల్, వేన్, ఎబ్, సబ్‌సైడ్, టేపర్... తెలుగులో ఏమిటని అడిగితే అన్నిటికీ ఒకటే జవాబు వస్తుంది: "క్రమంగా తగ్గు". వాడబోతే గానీ తేడా తెలియదు. చంద్రుడు వేన్ అవుతాడు, వరద సబ్‌సైడ్ అవుతుంది, స్టెరాయిడ్ డోసుని డాక్టరు టేపర్ చేస్తాడు. ఆమాటకొస్తే మనకేం తక్కువ? నూతిలో నీళ్ళు అడుగంటుతాయి, ఓపిక సన్నగిల్లుతుంది, గొడవ సద్దుమణుగుతుంది, జ్వరం దిగుతుంది. (ఆఫీసు మెయిళ్ళలో మాత్రం సమస్తమూ "రెడ్యూస్" అవుతాయి :))

ఇదేదో పదాల సరదా అనుకునేరు. కృష్ణదేవిపేట సంగతే తీసుకోండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. "ఆ తర్వాత తిరుగుబాటు సబ్‌సైడ్ అయింది" అని రాస్తే గ్రామర్ పరంగా తప్పేం లేదు. కానీ సబ్‌సైడ్, వేన్ అనేవి తమంతట తామే తగ్గేవాటికి వాడే మాటలు. వరద తీసిందంటే ఎవరు తీయించారని అడగం కదా! ఇక్కడ అడగాలి. మలబారు స్పెషల్ పోలీసుల్ని, వాళ్ళు చాలక అస్సాం రైఫిల్స్‌నీ మన్యంలోకి దింపారు మరి. దానికి సప్రెస్ అని ఇంగ్లీషులోనూ, అణచివేశారని తెలుగులోనూ శుభ్రమైన మాటలున్నాయి. సినానిమ్స్ బట్టీ పట్టించే మాస్టార్లు ఈ తేడా కూడా చెబితే బావుణ్ణు.

పోడు సంగతీ ఇంతే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవుల్లో పోడు కొట్టడం నేరమైంది. "పోడు క్రమంగా తగ్గింది" అంటే కొండవాళ్ళే విసుగొచ్చి మానుకున్నట్టుంది!