రంగా గారికి దండ వేసే ముందు

నవంబరు 7 వస్తే ఆచార్య ఎన్.జి. రంగా పటానికి దండలు పడతాయి. ఏ పార్టీ నాయకుడైనా సరే, ‘రైతు బాంధవుడు’ అని నాలుగు మాటలు చెప్పి కారెక్కుతాడు. ఆ మాటలు అబద్ధమని మేం అనడం లేదు. సగమే చెబుతున్నారంటున్నాం.

నిడుబ్రోలు రైతుబిడ్డ రంగా గారు. ఆక్స్‌ఫర్డులో చదివొచ్చి, 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి, 1991లో లోక్‌సభ నుంచి బయటికొచ్చారు. ఓడిపోయి ఇంట్లో కూర్చున్న ఏళ్లు తీసేసినా 50 ఏళ్ల లెక్క తేలింది, గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 1984లో రాష్ట్రమంతా తెలుగుదేశం ఊపేస్తుంటే గుంటూరులో కాంగ్రెసు తరఫున గెలిచిన మనిషి.

అయితే నెల్లూరు రైతు ఆయన్ని తలుచుకోవాల్సింది ఆ కుర్చీని చూసి కాదు. 1930ల మొదట్లో వెంకటగిరి జమీనులో అడవి మేత కోసం రైతులు తిరగబడ్డారు. నెల్లూరు వెంకట్రామానాయుడు గారు ‘జమీన్ రైతు’ పత్రిక పెట్టి ఆ గోడు ఊరూరికీ చేర్చారు. రంగా గారు వచ్చి ఆ రైతుల పక్కన నిలబడ్డారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షుడైతే, కార్యదర్శి ఈయనే. ఆ తర్వాత ఇచ్ఛాపురం నుంచి రైతులు 130 రోజులు నడిచి, దారిపొడవునా పోగేసిన 1,100కు పైగా అర్జీలతో 1938 మార్చి 27న మద్రాసు శాసనసభ గుమ్మం తొక్కారు. ఆ యాత్రను నడిపించిన వాళ్లలో కమ్యూనిస్టులూ ఉన్నారు, అది కూడా చెప్పుకోవాలి. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చిందంటే ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రైతుల కాళ్లు బొబ్బలెక్కితే వచ్చింది.

ఇక దండలేసేవాళ్లు చెప్పని సగం. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయం, భూపరిమితి అనగానే రంగా గారు కాంగ్రెసు వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. సొంత చెక్క పోతుందన్న చిన్నరైతు భయం ఉత్తిది కాదు. దానికి గొంతు ఇచ్చినందుకు ఆయన్ని తప్పుపట్టం. కానీ ఆ పార్టీలో ఆయన పక్కన కూర్చున్నదెవరు? నిన్నటిదాకా మనం పోరాడిన జమీందార్లూ రాజులూ! పట్టా ఉన్నవాడే రైతు అన్న లెక్క అక్కడ గట్టిపడింది. పట్టా లేకుండా దున్నేవాడు ఆ లెక్కలోకి రాలేదు.

ఆ లెక్క ఇంకా మన మెడకే ఉంది. కోవూరు, విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ఎక్కడికైనా పోయి చూడండి, మడిలో కాలు పెట్టేది కౌలుదారు. పెట్టుబడి వాడిది, అప్పు వాడిది, తుపానుకు పడిపోయిన పైరూ వాడిదే. పరిహారం మాత్రం పట్టా పేరు మీద పోతుంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తామంది, ఆసామి సంతకం పెడితేనే అంది. సంతకం పెడితే భూమి పోతుందని ఆసామి భయం, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని కౌలుదారు భయం. ఇంక కార్డెక్కడిది?

ధర సంగతి సరేసరి. 2025-26కు కేంద్రం సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలంది. మన పుట్టి 850 కేజీలు, అంటే 20,136 రూపాయలు. మీ కళ్లంలో పుట్టికి ఎంత చేతికొచ్చిందో, తేమ పేరుతో ఎన్ని కేజీలు అదనంగా తూచారో మీకే తెలుసు, మేం చెప్పేదేముంది.

మన ఎంపీలు ఢిల్లీకి ఎన్నిసార్లు పోయారన్నది మనకు అక్కర్లేదు. ఈసారి రంగా గారి పటం దగ్గరికి దండ పట్టుకుని ఎవరొచ్చినా మన సంఘం వాళ్లు రెండు కాగితాలు చేతికివ్వాలి. ఎంపీ అయితే మద్దతు ధరకు చట్టం కావాలన్న అర్జీ. ఎమ్మెల్యే అయితే కౌలు కార్డుకు ఆసామి సంతకం షరతు తీసెయ్యాలన్న అర్జీ. తీసుకున్నట్టు అక్కడే, ఆ పటం ముందే, సంతకం పెట్టించుకుందాం.