పాలు తోడుకొన్నట్లు కాదు

విత్తనపు కాయ యొలుచుటకు గత మాసమున మా యింటి యరుగుమీద పొరుగు స్త్రీలు నలుగురైదుగురు చేరిరి. ఈ కంబదూరు మెట్టనేలలో వేరుసెనగయే బ్రదుకు గనుక ఆ పని యింటింట నున్నదే. చేతులాడుచుండ నోరు ఊరకుండదు. మాటల నడుమ నొక యవ్వ, "కోతి నుంచి మనిషి వచ్చినాడంటారే, మరి గుడికాడి కోతులు ఇంకా కోతులుగానే యెందుకుండాయమ్మా?" అని మమ్మడిగెను. అందఱును నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయన నీ ప్రశ్నకు బడిలో సమాధానము దొరకుట యిప్పుడు మునుపటికంటె కష్టమైనది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలివారు 2023లో వెలువరించిన పదవ తరగతి పుస్తకమున అనువంశికత మిగిలెను గాని జీవపరిణామ భాగము తొలగిపోయెను. పదవ తరగతితో చదువు ముగియు ఆడపిల్లలు మన యిండ్లలో నెందఱు లేరు!

అవ్వకు మేము చెప్పిన సమాధాన మిది. మన పెదతాతగారి మనుమలు మనకు జ్ఞాతులే కాని తాతలు కారు. మనము పుట్టితిమి గనుక వారి వంశము నశింపవలయు నను నియమమును లేదు. చింపాంజీలకును మనకును ఉమ్మడి పూర్వులు సుమారు 60, 70 లక్షల యేండ్ల క్రిందట నుండిరి. గుడికాడి కోతులతో చుట్టరిక మింకను దూరము. అది సుమారు 2.5 కోట్ల యేండ్ల నాటిది. ఆ పూర్వులు నేటి కోతులును కారు, నేటి మనుష్యులును కారు. "అయితే దాయాదులన్నమాట, అందుకే కాయలు పంచుకోను వస్తాయి" అని యవ్వ తన చాట దగ్గఱకు లాగుకొనెను.

ఇదంతయు మన దశావతారములలోనే యున్నదని కొందఱందురు. మాకు అది రుచింపదు. పురాణమునందు అవతరించువా డొక్కడే. ప్రతి యవతారమునకును ఒక కార్యము కలదు. జీవశాస్త్రము చెప్పు మార్పునకు కార్యమును లేదు, చేరవలసిన గమ్యమును లేదు. పురాణమును పురాణముగా చదువుకొన్నచో దానికి వచ్చిన లోటేమి?

అయినను కోతి ప్రశ్న చిన్నది. అంతకంటె లోతైన పొరపాటు పరిణామ మను మాటలోనే దాగియున్నది. మా నాయనగారు బాల్యమున మాకు సాంఖ్యము చెప్పునపుడు పరిణామమునకు పాలు పెరుగగుటను దృష్టాంతముగ చూపిరి. కుండలోని పాలే తోడుకొని పెరుగగును. మేమును చిరకాలము జీవపరిణామమును అట్లే తలంచితిమి: ఒక ప్రాణి కష్టమున కోర్చి కోర్చి తానే మఱొకటిగా మారునని. ఇది తప్పు. ఏ ప్రాణియు తోడుకొనదు. ఒక తరమున పుట్టిన వానిలో కొన్నిటికి పుట్టుకతోనే కొంత భేద ముండును. ఆ చోట కొన్ని బ్రదికి పిల్లలను కనును, కొన్ని కనవు. మిగిలినవాని గుణము పై తరమున హెచ్చగును. మాఱునది గుంపు, ప్రాణి కాదు. డార్విను దొర 1859లో ప్రకటించిన గ్రంథపు మొదటి ప్రకరణమున పెంపుడు పావురములను గూర్చియే విరివిగా వ్రాసెను. పెంచువాడు నచ్చిన జతను ఉంచుకొనును, నచ్చనిదానిని తీసివేయును. విత్తనమునకు గట్టి కాయను ఏఱి, తాలును విడిచెడు మన చేతులకు ఇది క్రొత్త సంగతి కాదు.

కాని ఆ యరుగుమీదనే మఱొక యామె, "మన చెనక్కాయ కరువుకు అలవాటు పడిందిలే అక్కా" యనెను. తిండివనమున 1940లో విడుదలయైన టి.ఎం.వి.2 రకమును ఈ జిల్లాలో దశాబ్దముల పాటు విత్తిరి. వాన తప్పిన ప్రతి యేడును అది వాడుచునే యుండెను. వేరుసెనగ తన పూవును తానే ఫలింప జేసికొను మొక్క. ఒకే రకపు విత్తులలో భేదము స్వల్పము. భేదము లేనిచోట ఏఱుకొనుట కేమియు నుండదు. ఎన్ని కఱవులు పడినను దప్పి నోర్చుట మొక్క నేర్చుకొనదు. కావుననే కదిరి పరిశోధనస్థానము వారు వేఱు వేఱు రకములను సంకరము చేసి, ముందు భేదమును పుట్టించి, పిదప ఏఱుదురు.

"అలవాటు" అను నీ మాటయే మా పుట్టినింటిని ముంచినది. మా అన్నగారు ఆదోని ప్రక్క పత్తి వేయుదురు. నేలలోని యొక సూక్ష్మజీవి విషమును మొక్కయే తనలో తయారు చేసికొను బీటీ పత్తికి 2002లో మన దేశమున అనుమతి దొరకెను. ఆ నాళ్లలో 450 గ్రాముల విత్తనపు సంచితో 120 గ్రాముల చిన్న పొట్లము నిచ్చెడివారు. అందలివి విషము లేని మామూలు పత్తి విత్తులు. చేని చుట్టును విత్తవలసినవి. 2017 జ్యేష్ఠమున మేము పుట్టినింట నుండగా, ఇది యేమని యడిగితిమి. "పురుగు పట్టే విత్తులు అమ్మీ, ఎవరు వేస్తారు?" అనిరి అన్నగారు. సంచి ఖాళీ చేయుచు మేమే ఆ పొట్లమును దిబ్బమీద పాఱవైచితిమి. ఆ యేడు రెండవ తీతకే కాయలన్నియు గులాబీరంగు పురుగుతో పుచ్చిపోయెను; దూది పసుపుబాఱి సగము ధరకును పోలేదు. వదినెగారి గాజులు కుదువకు పోయినవి.

ఆ పొట్లము ఏల యిచ్చిరో తరువాత చదివి తెలిసికొంటిమి. విషమును తట్టుకొను పురుగు మొదట బహు అరుదు. ఆ గుణము తల్లి వైపునుండియు తండ్రి వైపునుండియు రెంటను వచ్చినగాని సాధారణముగ పిల్లపురుగు బ్రదుకదు. చుట్టును మామూలు పత్తి యున్నచో అందు మామూలు పురుగులు వేలుగ పెరిగి, చేనిలో మిగిలిన ఆ ఒకటి రెండింటితో జతగూడును. వాని సంతానము విషపు కాయను తిని చచ్చును. మామూలు పత్తి లేనిచో మిగిలినదానికి మిగిలినదియే సంబంధము. శనగపచ్చ పురుగునకు కందియు శనగయు దొరకును. గులాబీ పురుగునకు పత్తి తప్ప వేఱు తిండి లేనట్లే. గుజరాతులోని అమ్రేలీనుండి 2008లో సేకరించిన పురుగులు ఆ విషమునకు లొంగలేదని 2010లో బయటపడెను. రెండు విషములు గల విత్తనము 2006లోనే వచ్చియుండెను. 2014 తరువాత పురుగు దానిని సయితము గెలిచినది. మనవలెనే యెండ మండు అమెరికాలోని అరిజోనాలో రైతులు మామూలు పత్తిని నియమముతో విత్తిరి. తరువాత గొడ్డు రెక్కపురుగులను చేలపై వదలిరి. పురుగును దేశమునుండియే తొలగించితిమని 2018లో వారి ప్రభుత్వము ప్రకటించినది.

పురుగు అలవాటు పడినదని తలంచువాడు ఇంకను ఘాటైన మందు వెదకును. అన్నగారు చేసిన దదియే. మిగిలినదియే పెరిగినదని తెలిసినవాడు కొన్ని పురుగులను బుద్ధిపూర్వకముగ బ్రదుకనిచ్చును. ఒకే తప్పు మాటకు ఇంత భేదము! క్షయరోగి మందును నడుమ మానరాదనుటకు మూలమును ఇదియే. కాని ఒక్క అన్నగారు పొట్లము విత్తియుండిన చేను నిలిచెడిదా? నిలువదు. రెక్కపురుగునకు గట్లు లేవు, ఊరంతయు విత్తవలసినది. ఇది యెవరును వారికి చెప్పలేదు, పొట్లముమీది సన్నని అక్షరములు తప్ప.

ఇప్పుడు అన్నగారు పుష్యమాసము దాటక మునుపే పత్తికట్టె పెఱికి వేయుచున్నారు. మొన్న మాఘమున మేము పోయినపుడు చూచితిమి. ప్రక్కచేలో కట్టె యింకను నిలిచియున్నది, కొనలయందు రెండు మూడు పచ్చి కాయలతో.