గృహశుద్ధియు దేహారోగ్యమును

అనంతపురమండలమున నీటికరువును గూర్చి మాటాడునప్పుడు నీటి పరిమాణమును లెక్కించుటయే మన కలవాటైనది. ఏడాదికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు నీ పీఠభూమియం దది సహజమే. కాని చిక్కిన నీటి గుణమును మరియొక యపాయమును మన యిండ్లలోనికి దెచ్చుచున్నది. దానియందు ప్రజలును ప్రభుత్వమువారును దృష్టి నిలుపవలసియున్నది.

లోతుబోరుల నుండి వచ్చు నీరు చాలచోట్ల కఠినజలము. అందు కరగియున్న సున్నపులవణములు సబ్బును నురుగనీయక తెట్టెగా మార్చును. కొళాయిలమీదను మరుగుదొడ్ల పింగాణిమీదను తెల్లని పొరగా గట్టిపడును. ఈ పొరను సబ్బు కదల్పజాలదు గనుక గృహిణులు ఆమ్లము నాశ్రయించుచున్నారు. అంగళ్లలో ‘యాసిడ్’ అను పేర నమ్ముడగునది సాధారణముగా హైడ్రోక్లోరిక్ ఆమ్లము. మరుగుదొడ్లు కడుగుటకై రంగుసీసాలలో వచ్చు ద్రవములలో ననేకములయందును నూటికి పదిపాళ్లవఱకు నిదియే యుండును. అది పొరను కరగించుట నిజమే. కాని మన యిండ్ల నేలలు దేనితో పరచినవి? తాడిపత్రి బండ సున్నపురాయి. ఆమ్లము పడినతోడనే బండ నురుగు గ్రక్కుట మురికి వదలుటకు గుర్తని తలంచువారు కలరు. నిజమునకు కరగిపోవునది బండయే. మెరుగు పోయి గరుకెక్కిన బండ మురికిని మఱింత పట్టును. మరుసటిసారి మఱింత యామ్లము కావలసివచ్చును.

బండ చెడినచో మరియొకటి పరచుకొనవచ్చును. ఊపిరితిత్తుల కట్టి వెసులుబాటు లేదు. కిటికీ లేని స్నానపుగదిలో నామ్లపుటావిరి కండ్లను గొంతును మండించును. ఉబ్బసరోగులకు ఊపిరి సలుపనీయదు. ఇంతకంటె ఘోరమైనది కలగలుపు. ఆమ్లముతో వదలని మురికిపై బ్లీచింగుపొడి చల్లినచో క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిలులో బెల్జియమునందలి ఈప్రె రణరంగమున జర్మను సేనలు శత్రువులపై విడిచిన వాయువిదియే. బయలున సైనికులను గూల్చినదానిని మూసిన గదిలో మనమే పుట్టించుకొనుటకంటె అవివేక మేమున్నది?

తత్క్షణమే కానరాని హానియు గలదు. నార్వేయందలి బెర్గెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఐరోపాలో ఆరువేలమందికి పైబడినవారి శ్వాసశక్తిని ఇరువదియేండ్లపాటు పరిశీలించి, ఫలితములను 2018లో ప్రకటించిరి. ఇల్లు శుభ్రపఱచు స్త్రీలకును, శుభ్రపఱచుటయే వృత్తిగాగల స్త్రీలకును, ఆ పని చేయని స్త్రీలకంటె శ్వాసశక్తి వేగముగా తగ్గినట్లు తేలినది. ఇందువలన ఫలానా సీసాయే కారణమని రుజువైనట్లు చెప్పరాదు. అయినను ముప్పు గృహిణిమీదను పారిశుద్ధ్యపు కూలిమీదను పడుచున్నదని గ్రహించుటకు నిది చాలును.

చట్టము లేకపోలేదు. 1919 నాటి విషపదార్థముల చట్టముండగా, లక్ష్మి వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు 2013 జూలై 18న ఆమ్లవిక్రయమును గూర్చి యాజ్ఞలిచ్చిరి. కొనువాని పేరు, చిరునామా, కొన్న పరిమాణము పుస్తకమున వ్రాయవలెను, గుర్తింపుపత్రము చూడవలెను, 18 ఏండ్లు నిండనివారికి అమ్మరాదు, సరకు వివరములు దాచినచో ఏబదివేల రూపాయలవఱకు జరిమానా. ఈ యాజ్ఞలు స్త్రీల ముఖములపై ఆమ్లము చల్లు దుర్మార్గుల నరికట్టుటకై పుట్టినవి, మిక్కిలి న్యాయమైనవి. కాని దుర్మార్గుని చేతిలోని సీసాను చూచిన చట్టము, ఇల్లాలి చేతిలోని సీసాను చూడలేదు.

సీసా చేతులు మారినకొలది ప్రమాదము పెరుగును. తాగునీటి సీసాలోనో పానీయపు సీసాలోనో పోసి యుంచిన ఆమ్లమును, ఫినాయిలును దప్పిగొన్న బిడ్డ పోల్చుకొనగలదా? శుద్ధివస్తువు కడుపులోనికి పోయిన నేమగునో 2020 జూలైలో ప్రకాశముజిల్లా కురిచేడు చూపినది. సారా దొరకక శానిటైజరు త్రాగి యచ్చట పదిమందికి మించి మరణించిరి.

ఈ మండలమున మరియొక కష్టము కలదు. కంటిలో ఆమ్లము పడినచో పావుగంటకు తక్కువగాకుండ ధారగా నీటితో కడుగవలెను. కొళాయి దినము విడిచి దినము వచ్చు ఇంట ఆ నీ రెచ్చటిది? కావున నీరు తక్కువైనచోట ఆమ్లమును తక్కువగా నుండవలెను. ఆమ్లము మ్రింగినవానికి వాంతి చేయింపరాదు; గొంతు రెండవసారి కాలును. నోరు పుక్కిలింపించి, సీసాతోసహా వైద్యశాలకు గొనిపోవలెను.

పూర్వాచారమంతయు నిరపాయమని మేము చెప్పము. చవుడును సున్నమును చర్మమును తినును. అయినను సబ్బు నురుగని కఠినజలమునందును కుంకుడుకాయ నురుగును. కొళాయిపై పొరకు చింతపండో నిమ్మరసమో పూసి కొంతసేపు విడిచినచో చాలును. బండపై నవియు పనికిరావు. చౌకయగు నీ యుపాయములను మరచి విషమును వెలకు గొనుట స్వదేశీబుద్ధి కాదు, గృహస్థబుద్ధియు కాదు.

ఐరోపాలో 2004 నాటి నిబంధనవలనను, అమెరికాలోని కాలిఫోర్నియాలో 2017 నాటి చట్టమువలనను శుద్ధివస్తువులందు నేమేమి కలవో తెలుపుట విధియైనది. మన ప్రభుత్వము లంతకు తక్కువ చేయనేల? సీసాపై నందలి ద్రవ్యములును, కలుపరాని వస్తువులును, ప్రథమచికిత్సయు పెద్ద తెలుగక్షరములలో నుండవలెను. చిల్లర సీసాలలో పోసి యమ్ముటను పురపాలకసంఘములు నిలుపవలెను. పారిశుద్ధ్యపుపనివారికి చేతితొడుగులును కంటియద్దములును జీతముతోపాటు హక్కుగా నొసగవలెను. వాన మనచేతిలో లేదు. సీసాపై వ్రాత మనచేతిలోనిదే.