ఆపే హక్కు లేనివాడిదా నిర్లక్ష్యం?

సంపాదకులకు,

ఫ్యాక్టరీ ప్రమాదాలకు కార్మికుల నిర్లక్ష్యమే మూలమన్నట్టు గత సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఒప్పుకోలేను. మా బోరంచ, నారాయణఖేడ్ వైపు నుంచి పటాన్‌చెరు కంపెనీలకు పనికి పోయేవాళ్లున్నారు. నేనూ అక్కడ షిఫ్టులు చేసినవాణ్ణే. మిషను మోత తేడాగా ఉంటే మొదట పసిగట్టేది పక్కన నిలబడ్డ మనిషే. కానీ మిషను ఆపే ఎర్ర బటన్ నొక్కాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి. ఆయన ఫోనెత్తేదాకా మిషను తిరుగుతూనే ఉంటుంది. అడక్కుండా ఆపినవాణ్ణి మర్నాడు కాంట్రాక్టరు గేటు దగ్గరే వెనక్కి పంపేవాడు. అలాంటి చోట హెల్మెట్ కూడా ఇంకో హుకుంలాగే అనిపిస్తుంది. పర్మనెంట్ కార్మికుల మాట చెల్లే సెక్షన్‌లో మాత్రం ఊడిన గార్డు బిగించేదాకా ఎవరూ మిషను ముట్టేవారు కాదు.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమలో పేలుడుకు 50 మందికి పైగా బలయ్యారు. మిషన్లు పాతబడ్డాయని తన తండ్రి ముందే యాజమాన్యానికి చెప్పాడని ఒక మృతుడి కొడుకు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఇది కార్మికుల నిర్లక్ష్యమా?

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41జి, 41హెచ్ సెక్షన్లు చేర్చారు. ప్రమాదకర పరిశ్రమల రక్షణ కమిటీల్లో కార్మికులకు సమాన స్థానం, ముప్పు ఉందని హెచ్చరించే హక్కు అలా వచ్చాయి. ఆ కమిటీల్లో కాంట్రాక్టు కూలీలు ఎందరున్నారో మీ పత్రిక ప్రతి కంపెనీనీ అడిగి, పేరుపేరునా అచ్చు వేయాలి.

— ఒక పాఠకుడు, బోరంచ